ఒక కన్ను కన్నూ కాదు

"ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు" అన్నారు మన పెద్దలు. ఇందులో రెండో సగాన్ని చిన్న కుటుంబం వారు ఏనాడో కొట్టిపారేశారు. మొదటి సగం మాత్రం చెక్కుచెదరకుండా నిలిచే ఉంది. పైపెచ్చు, కంప్యూటరు వచ్చాక దానికి కొత్త బలం చేకూరింది. కంప్యూటరులో దాచుకున్నది ఏదైనా సరే, ఒక్క చోటే ఉన్నదంటే అది ఉన్నట్టు కాదు. పోవడానికి ఇంకా ముహూర్తం కుదరలేదు, అంతే!

ఈ సంచిక చదివే మిత్రులలో ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నవారు ఉంటారు. నాలుగేళ్ళుగా థీసిస్ రాస్తూనే ఉన్నవారు ఉంటారు. ముప్పై ఏళ్ళ పాఠాల నోట్సును ఓపిగ్గా కంప్యూటరుకు ఎక్కించుకున్న అధ్యాపకులు ఉంటారు. అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఒకే డిస్కులో భద్రం చేసి నిశ్చింతగా ఉన్న పూర్వ విద్యార్థులూ ఉంటారు. వీరిలో ఎవరినైనా ఆపి, "అయ్యా, బ్యాకప్ తీశారా?" అని అడగండి. నూటికి తొంభైమంది చెప్పే జవాబు ఒక్కటే: "తీయాలండీ." ఆ "తీయాలండీ" నీడలో ఎన్ని థీసిస్‌లు నీటిమీది రాతలయ్యాయో లెక్క ఎవరు తీయగలరు?

బ్యాకప్ అవసరమా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. అవసరమేనని అందరూ ఒప్పుకుంటారు. ఏ పద్ధతిలో అన్న దగ్గరే మనిషి తికమకపడి, రేపు చూద్దాం లెమ్మని లేచిపోతాడు. కిందటి సంవత్సరం ఆ చిక్కు నాకు ఎదురైంది. దాన్ని నేను విడదీసుకున్న తీరు మరొకరికి పనికివస్తుందేమోనని ఈ నాలుగు మాటలు.

నా పరిశోధన జముకుల కథ మీద. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల్లో జముకు వాయిస్తూ రాత్రి పొద్దుపోయేదాకా చెప్పే కథలు అవి. ఊరూరా తిరిగి, ఇప్పటికీ పాడగలిగిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని రికార్డు చేశాను. మంచి నాణ్యతతో తీసిన స్టీరియో శబ్దానికి గంటకు దాదాపు 1 గిగాబైటు చోటు కావాలి. నా దగ్గర 140 గంటల పాట ఉంది. వీడియోలు, ఫొటోలు కలిపితే మొత్తం 400 గిగాబైట్లకు చేరువ.

అందులో పదకొండు గంటలు ఒకే మనిషివి. ఎనభై దాటిన తాత. మూడు రాత్రులు పాడి, చివరి రోజు పొద్దున్న టీ తాగుతూ నా రికార్డరు వైపు చూసి అడిగాడు: "ఏటి బాబూ, మా గురువు నాకు నోటితో సెప్పినాడు. నాను మరిద్దరికి సెప్పినాను. ఆల్లు పట్నం పనులకెల్లిపోనారు. ఇంక నువ్వు, నీ డబ్బా. అది సెడిపోతే ఏటి సేస్తావు?"

"పోనివ్వను తాతా" అన్నాను.

ఆయన ఆ తరువాతి సంక్రాంతి చూడలేదు. ఎల్లమ్మ కథను ఆయన చెప్పిన వరసలో చెప్పగలవారు ఆ చుట్టుపక్కల నాకు మరొకరు దొరకలేదు. కనుక నాకు బ్యాకప్ అంటే కంప్యూటరు సంగతి మాత్రమే కాదు. ఇచ్చిన మాట సంగతి.

సలహాలు అడిగాను. మన దేశంలో వైద్యం తరువాత అంత ధారాళంగా దొరికే సలహా కంప్యూటరు మీదేనని అప్పుడు తెలిసింది. నా రూమ్మేటు, "ఒరేయ్, డ్రైవ్‌లో పడేసి పడుకోరా" అన్నాడు. ఫిజిక్సులో పరిశోధన చేసే మిత్రుడు, "మా ల్యాబులో నాలుగు డిస్కుల పెట్టె ఉంది, ఒకటి పోయినా మిగతావి కాస్తాయి, అందులో పెట్టు" అన్నాడు. దుకాణం అబ్బాయి, "ఎస్.ఎస్.డి. తీసుకోండి సార్, కిందపడ్డా ఏం కాదు" అన్నాడు. ఫోనులో విని మా అమ్మ, "ఆ డిస్కేదో ఇంటికి తెచ్చెయ్యి, బీరువాలో పెడతాను" అంది. అందరి మాటలూ సబబుగానే ఉన్నాయి. అదే నా బాధ.

చివరికి మా పరిశోధన పర్యవేక్షకురాలి దగ్గరకు వెళ్ళాను. "మేడమ్, ఏది కొనమంటారు?" అన్నాను. ఆవిడ నవ్వి, "కొనడం తరువాత. నీ రికార్డింగులు ఎన్ని రకాలుగా పోవచ్చునో ముందు కాగితం మీద రాసుకొని రా. జబ్బు పేరు తెలియకుండా మందు అడుగుతావేమిటయ్యా?" అన్నారు. ఆ రాత్రి కూర్చుని రాశాను. ఆరు రకాలు తేలాయి. పద్ధతి ఏమిటో ఆ కాగితమే చెప్పింది.

మొదటిది, డిస్కు తనంతట తాను చచ్చిపోవడం. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు, బీరువా అంత పెట్టెలో 50 పళ్ళేలు పెట్టుకుని, 50 లక్షల అక్షరాలు దాచేది. ఈనాడు అరచేతిలో ఇమిడే డిస్కు దానికి లక్షల రెట్లు దాస్తుంది. అయినా స్వభావం మారలేదు. పళ్ళెం తిరుగుతుంది, దానికి తగిలీ తగలనంత ఎడంలో ముల్లు ఊగుతుంది, ఏదో ఒకనాడు ఆగుతుంది. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ సంస్థ తన లెక్కలు బహిరంగంగా ప్రచురిస్తుంది. 2021 నుంచి 2024 దాకా వాళ్ళ దగ్గర ఏడాదికి నూటికి ఒకటి, రెండు మధ్య డిస్కులు పోయాయి. ఇంతేనా అనిపిస్తుంది. కాని రెండు వందలమంది ఉన్న హాస్టలుకు ఆ లెక్క వేయండి, ఏటా ఇద్దరో నలుగురో! పైగా అవి చల్లని గదుల్లో కదలకుండా ఉండే డిస్కులు. మనవి సంచిలో పడి బస్సుల్లో ఎగిరెగిరి పడేవి. దుకాణం అబ్బాయి చెప్పిన ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగం లేదు కనుక దెబ్బలకు ఓర్చుకుంటుంది, నిజమే. కాని కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి సొరుగులో పడేస్తే దాచింది నిలుస్తుందన్న భరోసా లేదు. పోయేటప్పుడు ముందుగా చెప్పకుండా పోయే గుణమూ దానికి ఉంది. ఏ రకమైనా సరే, ఈ జబ్బుకు మందు మరో డిస్కు. ఇంతవరకు సులువే.

రెండోది, చోటు పోవడం. దొంగ ల్యాప్‌టాప్ సంచి ఎత్తుకుపోతే, పక్క అరలోనే ఉన్న బ్యాకప్ డిస్కును మనకు వదిలిపోడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అటువంటి గదిలో కంప్యూటరు బల్ల మీదా, బ్యాకప్ బల్ల కిందా ఉంటే రెండూ ఒకటే. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ల కేంద్రం తగలబడింది. ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే జి-డ్రైవ్ అనే ఏర్పాటులోని 858 టెరాబైట్లు ఆహుతయ్యాయి. ఆ ఆవరణ బయట వాటి ప్రతి లేదు. ఒక సర్కారుకే ఇట్లా అయితే మనమెంత? ల్యాబులోని నాలుగు డిస్కుల పెట్టె నాకు సరిపడదని ఇక్కడే తేలింది. అది ఒక డిస్కు చావును తట్టుకుంటుంది, పని ఆగకుండా చూస్తుంది. కాని నాలుగూ ఒకే పెట్టెలో, ఒకే కరెంటు తీగ మీద ఉన్నాయి. ఇక బీరువా మాట అన్న మా అమ్మకు టెరాబైటు అంటే తెలియదు గాని, రెండో ప్రతి మరో ఊళ్ళో ఉండాలన్న సూత్రం ఆవిడ నోటే వచ్చింది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం కూడా ఇదే చెబుతుంది: ప్రతులు మూడు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి బయటి చోట.

మూడోది, మన చెయ్యి. ఇది దొంగకన్నా తరచుగా వస్తుంది. నిద్రమత్తులో ఒక ఫోల్డరు తుడిచేస్తాం, పాత ఫైలు మీద కొత్త ఫైలు ఎక్కిస్తాం. నా రూమ్మేటు చెప్పిన డ్రైవ్ లోపం ఇక్కడ బయటపడుతుంది. అది అద్దం వంటిది. ఇక్కడ ఏది చేస్తే అక్కడ అదే కనిపిస్తుంది. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటుందనుకోండి. కాని వేసవి సెలవుల్లో పోయిన ఫైలు సెలవుల తరువాత గదా గుర్తుకొచ్చేది! కనుక నిన్నటి రూపం, మొన్నటి రూపం, నెల కిందటి రూపం వేర్వేరుగా నిలిపే పద్ధతి కావాలి. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ, ఆపిల్ వారి టైమ్ మెషీన్ చేసే పని ఇదే.

నాలుగోది, దుర్మార్గుడి చెయ్యి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అటువంటిది ప్రవేశించినప్పుడు కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులు కూడా దాని వాత పడతాయి. ఎప్పుడూ తగిలించి ఉంచడం సౌకర్యమే, కాని తాళంచెవిని తలుపుకే వేలాడదీయడం వంటిది. పని కాగానే ఊడదీసి దాచే డిస్కు జోలికి ఆ పురుగు రాలేదు.

ఐదోది, అద్దె ఇల్లు పోవడం. ఇంటర్నెట్ మీద దాచేదంతా ఒక విధంగా పరుల ఇంట దాచడమే. ఆ ఇల్లు చెడ్డదని కాదు. మన డిస్కులకన్నా నూరు రెట్లు జాగ్రత్తగా చూస్తారు. కాని గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 గిగాబైట్లే. తక్కినదానికి నెలనెలా డబ్బు కడుతూ ఉండాలి. రెండేళ్ళు తెరవని సొంత ఖాతాలను తొలగించవచ్చునని వారు 2023లో ప్రకటించారు. విద్యాసంస్థలు ఇచ్చే ఈమెయిలు ఖాతాలో దాచుకున్నవారు చదువు ముగిశాక ఆ తలుపు మూసుకుపోవచ్చునని గుర్తుంచుకోవాలి. ఇక లెక్క చూడండి. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పైకి పంపగలిగితే 400 గిగాబైట్లు ఎక్కడానికి ఎక్కడా ఆగకుండా 45 గంటలు పడుతుంది. మా హాస్టల్లో ఆగకుండా 45 గంటలు నడిచేది కబుర్లు మాత్రమే! అదే ఓ మాదిరి బయటి డిస్కు గంటా పావులో ఆ పని ముగిస్తుంది. ఇంకొక మాట. నాకు పాడిన వాళ్ళలో ఒకరిద్దరు, "ఈ ముక్క మావాళ్ళకి తప్ప బయట వినిపించకు బాబూ" అన్నారు. వాళ్ళ మాటను తాళం వేయకుండా పరుల ఇంట పెట్టే హక్కు నాకు లేదు.

ఆరోది అన్నిటికన్నా మోసకారి. ప్రతి ఉంటుంది, కాని పనికిరాదు. 1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక్క తొలగింపు ఆజ్ఞతో సినిమా ఫైళ్ళు మాయమైపోయాయి. టేపుల మీద బ్యాకప్ ఉందిగా అని తెరిస్తే, అది కొంతకాలంగా సరిగా పడడమే లేదని అప్పుడు తెలిసింది. గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డతో ఇంటి దగ్గర ఉండి పని చేస్తూ ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి పెట్టుకోబట్టి చిత్రం బతికింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఇటువంటిదే జరిగింది. ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు. అవసరానికి ఏ ఒక్కటీ నమ్మదగినట్టు అక్కరకు రాలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసి ఉంచిన ప్రతి ఒకటి ఆదుకుంది.

మనలోనే చూడండి. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. రాగికన్నా గట్టి సాధనం ఏముంది? చెద పట్టదు, నానదు. కాని తీసి చదివేవారు లేక శతాబ్దాల పాటు ఆ రేకులు చీకట్లో ఉండిపోయాయి. ఆయన 32 వేలు రచించాడంటారు. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. సాధనం గట్టిదైనంత మాత్రాన చాలదు. అప్పుడప్పుడూ తెరిచి చూసే మనిషి ఉండాలి.

ఈ ఆరింటినీ పట్టుకుని మళ్ళీ మేడమ్ దగ్గరకు వెళ్ళాను. ప్రతిరోజూ రెండు డిస్కుల మీద, వారానికోసారి ఇంటర్నెట్ మీద, నెలకోసారి మరోచోట అంటూ పెద్ద పట్టిక గీశాను. ఆవిడ శ్రద్ధగా చూసి ఒక్కటే ప్రశ్న వేశారు. "పరీక్షల వారంలో, జ్వరంగా ఉన్నప్పుడు, ఇందులో ఎన్ని చేస్తావు?" నిజం చెప్పవలసి వచ్చింది. "ఒక్కటి, మేడమ్." "అయితే ఆ ఒక్కటే నీ పద్ధతి. తక్కినవి దాని చుట్టూ అల్లుకో."

అలా తేలిన పద్ధతి ఇది. రెండు మామూలు బయటి హార్డ్ డిస్కులు కొన్నాను. రెండూ వేర్వేరు కంపెనీలవి. ఒకే రోజు, ఒకే లోపంతో పోకుండా ఉండేందుకు. వాటి మీద 'అ', 'ఆ' అని చీటీలు అంటించాను. 'అ' నా గదిలో ఉంటుంది. ప్రతి ఆదివారం మెస్‌లో టిఫిను చేసి వచ్చాక దాన్ని తగిలిస్తాను. మారిన ఫైళ్ళను మాత్రమే ఎక్కిస్తూ, పాత రూపాలను కూడా నిలిపే ప్రోగ్రాము పెట్టుకున్నాను కనుక పది నిమిషాల పని. అయిపోగానే ఊడదీసి పెట్టెలో పెట్టేస్తాను. 'ఆ' మా ఊళ్ళో అమ్మ బీరువాలో, పట్టుచీరల పక్కన ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి, వేసవికి ఇంటికి వెళ్ళినప్పుడు 'అ' అక్కడ పెట్టి 'ఆ' తెచ్చుకుంటాను. థీసిస్ రాత, పాటల పాఠాలు మాత్రం తక్కువ చోటువి కనుక రోజూ తాళం వేసి ఇంటర్నెట్ మీదకు పంపుతాను. డిస్కులకు కూడా సంకేతపదం ఉంది. ఆ పదం కాగితం మీద రాసి, ఒకటి మేడమ్ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర సీలు వేసి ఉంచాను. తాళం భద్రంగా ఉండి తాళంచెవి పోతే, అది కూడా పోవడమే గదా!

ఇక నెలకోసారి ఒక పరీక్ష. బ్యాకప్ డిస్కు నుంచి ఏదో ఒక పాటను కళ్ళు మూసుకుని ఎంచి, నా ల్యాప్‌టాప్ మీద కాకుండా మిత్రుడి కంప్యూటరు మీద మొదటి నుంచి చివరి దాకా వింటాను. ఇప్పటికి తొమ్మిది నెలలైంది, తొమ్మిది పాటలు విన్నాం. ఫిజిక్సు మిత్రుడికి ఇప్పుడు జముకు మోత ఎంత నచ్చిందంటే, ఈ నెల పాట తనే ఎంచుతానంటున్నాడు.

నా కాగితం మీద లేని ప్రతి మరొకటి ఉంది. ఆ తాత పోయాక పెద్దకర్మకు వెళ్ళినప్పుడు, ఆయన పదకొండు గంటల పాటనూ ఫోనులో వినేందుకు వీలుగా చిన్నది చేసి, మెమరీ కార్డులో వేసి కుటుంబానికి ఇచ్చివచ్చాను. నాణ్యత కొంచెం తక్కువే. ఆయన మనవడు దాన్ని తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. అక్కడి నుంచి మేనత్తలు, బావలు, పట్నం వెళ్ళిపోయిన ఆ ఇద్దరు శిష్యుల ఫోన్లలోకి కూడా పాకిందట. ఆ శిష్యుల్లో ఒకడు సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు రెండు ఘట్టాలు విని, తను మరిచిపోయిన వరస సరిచేసుకున్నాడని మనవడు ఫోను చేసి చెప్పాడు. పూర్వం మన గ్రంథాలు బతికింది కూడా ఇట్లాగే. తాటాకు కొన్ని తరాలకు మించి నిలవదు. ఎవరో ఒకరు మళ్ళీ రాసుకుంటేనే నిలుస్తుంది. సి.పి.బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి ఊళ్ళ నుంచి తెప్పించిన ప్రతులకు నకళ్ళు రాయించాడు, ఒకదానితో ఒకటి సరిపోల్చి చూపించాడు. తప్పు దొర్లిన చోట మరో ప్రతి సాక్ష్యం చెప్పింది. ఒక్క ప్రతే ఉంటే ఆ తప్పే నిజమై కూర్చునేది.

మిత్రులకు నా మనవి ఇంతే. నా పద్ధతే మంచిదని కాదు. ఫొటోలు మాత్రమే ఉన్నవారికి ఒక డిస్కు, ఒక ఇంటర్నెట్ ఖాతా చాలవచ్చు. మీ దగ్గర ఉన్నది ఏమిటి, అది ఎన్ని విధాల పోవచ్చు, జ్వరం వచ్చిన ఆదివారం కూడా మీరు చేయగలిగేది ఏది? ఈ మూడు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకుంటే దుకాణానికి ఏం కొనడానికి వెళ్ళాలో తెలుస్తుంది. మీ తరువాతివారి కోసం ఏ డిస్కులో ఏముందో ఒక చీటీ కూడా అంటించండి. పరీక్షలకు ఇంకా వ్యవధి ఉంది. వచ్చే ఆదివారం టిఫిను తరువాత పది నిమిషాలు దీనికి కేటాయించండి.